మత్తు డాక్టరు అడిగే ప్రశ్న

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం వార్డులో నేనడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబులు టకటకా వచ్చేస్తాయి. బీపీ ఉందా, షుగరా, మెట్లెక్కితే ఆయాసమా, కట్టుడు పళ్లున్నాయా? ‘మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ప్రాణం మీదికొచ్చిందా?’ అన్నప్పుడు మాత్రం పేషెంటు తల్లి వైపు చూస్తాడు. ఆవిడ నావైపు చూస్తుంది, రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇదేం అపశకునం అన్నట్టు.

అయినా అడుగుతాను. 1960లో మెల్‌బోర్న్‌లో ఒక కుర్రాడు ఎవరూ అడక్కుండానే చెప్పాడు. వయసు 21, ప్రమాదంలో కాలు విరిగింది. కాలు సంగతి పక్కనపెట్టి మత్తు వద్దని మొత్తుకున్నాడు. ఈథర్ ఇచ్చాక వాళ్ల చుట్టాల్లో పదిమంది పోయారట. ఈథర్ మానేసి, అప్పటికి కొత్తదైన హాలోథేన్ ఇచ్చారు. పది నిమిషాలకే బీపీ పడిపోయింది, నాడి పరుగెత్తింది, ఒళ్లు కాలిపోయింది. మత్తు ఆపేసి ఐసుతో చల్లబరిచారు. బతికాడు. తర్వాతెప్పుడో కిడ్నీ రాయికి వెన్నులో మత్తిస్తే ఏ ఇబ్బందీ రాలేదు. మైకేల్ డెన్‌బరో అనే డాక్టరు ఆ వంశం కథంతా తవ్వి, సహచరుడు లవెల్‌తో కలిసి లాన్సెట్ అనే వైద్యపత్రికలో రాశాడు. మత్తుకు ఒళ్లిలా తిరగబడే ఈ జబ్బు, మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా, వంశపారంపర్యమని వైద్యలోకానికి తెలిసింది అలా. ల్యాబులో కాదు, ఒక ఇంట్లో చెప్పుకునే చావుల లెక్కలోంచి.

ఈ జబ్బున్న మనుషులు మామూలుగా తిరుగుతారు, ఆడతారు, పొలం పని చేస్తారు. లోపం కండరం లోపల ఉంటుంది. కండ బిగుసుకోవాలంటే లోపల దాచిన కాల్షియం బయటికి రావాలి. చాలామందిలో ఆర్‌వైఆర్1 అనే జన్యువులో తేడా వల్ల దాని గేటు సరిగా ఉండదు. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ లాంటి పీల్చే మత్తులో, సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షనో (థియేటర్లో మేం స్కోలిన్ అంటాం) తగిలితే ఆ గేటు తెరుచుకుని మూసుకోదు. కండలన్నీ ఒక్కసారిగా పనిచేస్తూ ఒంట్లో ఉన్నదంతా మండించేస్తాయి. ముందు మానిటర్ మీద కార్బన్ డయాక్సైడ్ అంకె పైకి పాకుతుంది. ఒక్కోసారి దవడ కరుచుకుపోతుంది. జ్వరం చాలాసార్లు తీరిగ్గా వస్తుంది. దానికోసం చూస్తూ కూర్చుంటే అయిపోయినట్టే.

ఒకప్పుడు పదిమందికి వస్తే ఏడెనిమిది మంది పోయేవారు. విరుగుడు దొరికింది పందుల పుణ్యాన. కొన్ని జాతుల పందులకూ ఇదే జబ్బుంది. 1975లో కేప్‌టౌన్‌లో హారిసన్ అనే డాక్టరు వాటికి డాంట్రొలీన్ ఇచ్చి బతికించాడు. ఆ మందుతో పని మాత్రం పెద్ద తతంగం. సీసాలో 20 మిల్లీగ్రాముల పొడి, అందులో 60 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి కరిగేదాకా కుదపాలి. సెలైన్ పనికిరాదు. 70 కిలోల మనిషికి మొదటి మోతాదుకే తొమ్మిది సీసాలు. ఒకరు పేషెంటును చూసుకుంటూ ఉంటే సీసాలు కుదపడానికే ఇద్దరు ముగ్గురు కావాలి. అదీ మందు దగ్గరుంటే. మన దగ్గర ప్రతి థియేటర్ బీరువాలోనూ ఉండే మందు కాదది. అందుకే నాకు ముందురోజు ప్రశ్న మీద అంత పట్టు.

‘మాది మేనరికం కాదండీ’ అంటారు కొందరు, బయటపడ్డట్టు. దీనికి మేనరికంతో పనిలేదు. తల్లి నుంచో తండ్రి నుంచో, ఒక్కరి నుంచి వస్తే చాలు. ప్రతి బిడ్డకూ సగం సగం అవకాశం. ‘పోయినేడు అపెండిక్స్ తీశారు, ఏం కాలేదు’ అన్నా నాకు పూర్తి ధైర్యం రాదు. మొదటిసారి ఊరుకుని తర్వాతెప్పుడో తిరగబడ్డవీ ఉన్నాయి.

అనుమానం తగిలితే ఆపరేషన్ మానక్కర్లేదు. ప్రొపొఫాల్, కెటమిన్, వెన్నులో మత్తు, ఇవన్నీ ఉన్నాయి. పడని మందుల పేర్లు పెద్దక్షరాలతో చీటీ రాసిస్తాను. జిరాక్సులు తీసి తోడబుట్టినవాళ్లకూ పిల్లలకూ ఇమ్మంటాను. పెళ్లై వేరే ఊరెళ్లిన చెల్లెలుంటే ముందు ఆమెకు ఫోన్లో ఫొటో పంపమంటాను. ఆమెకు సిజేరియన్ ఏ రాత్రి, ఏ ఆస్పత్రిలో అవసరమవుతుందో ఎవరికి తెలుసు?