ఓడాల్సిన ఆటను ఎంచుకున్నవాళ్లు

2024 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు అభిమానులకు దిగులు పట్టుకుంది. మోచేతి గాయంతో పిచర్ (మన భాషలో బౌలర్) టైలర్ గ్లాస్‌నౌ ఆ సీజన్‌లో ఇక బంతి పట్టడని తేలిపోయింది. అప్పటికే మరో ఇద్దరు పిచర్లు, గావిన్ స్టోన్‌కు భుజం, క్లేటన్ కెర్షాకు కాలి వేలు ఇబ్బంది పెడుతున్నాయి. జట్టులోని ఒహ్తానీ ఆ ఏడాది బ్యాటింగ్ తప్ప పిచింగ్ చేయడం లేదు. ప్లేఆఫ్స్ నాటికి ధీమాగా ఆట అప్పగించగల స్టార్టర్లు, అంటే ఆటను మొదలుపెట్టే పిచర్లు, ముగ్గురే మిగిలారు: యమమోటో, ఫ్లాహర్టీ, బ్యూలర్.

క్రికెట్‌కు అలవాటుపడ్డ మనకు ఈ కంగారు ఒక పట్టాన అంతుపట్టదు. బుమ్రా లేకపోతే లోటే, కాదనం. కానీ వన్డేలో అతను వేసేది పది ఓవర్లే. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఐదారింటి భారం స్టార్టర్ ఒక్కడిదే. ఆ తర్వాత చెయ్యి తేరుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి సీజన్ పొడుగునా ఐదుగురు వంతులేసుకుంటారు. పైగా ఒకసారి దింపేసిన పిచర్ మళ్లీ ఆ ఆటలోకి రాకూడదు.

స్టార్టర్ లేనప్పుడు ఏం చేయాలి? స్టార్టర్ తర్వాత దిగడానికి బుల్‌పెన్‌లో ఉండే పిచర్లకే, అంటే రిలీవర్లకే, ఆటంతా పంచేయాలి. మొదటి ఇన్నింగ్స్‌కే రిలీవర్‌ను దించే పద్ధతిని 2018 మే 19న టాంపా బే రేస్ జట్టు సెర్జియో రోమోతో మొదలుపెట్టినప్పుడు పాతకాలం వాళ్లు ముఖం చిట్లించారు. అయితే ఇందులో గట్టి లెక్కే ఉంది. ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనేసరికి బ్యాటర్‌కు అతని బంతి తీరు పట్టుబడుతుంది. ప్రతి ఇన్నింగ్స్‌కూ కొత్త చెయ్యి వస్తే ఆ అవకాశం దొరకదు. అయితే 2020 నుంచి వచ్చిన నియమం ప్రకారం ప్రతి పిచరూ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగిసేదాకా ఉండాలి. అంటే ఎడమచేతి వాటం బ్యాటర్ ఒక్కడి కోసం ఎడమచేతి పిచర్‌ను తెచ్చి వెంటనే పంపేయడం కుదరదు. ముగ్గురినీ చూసుకుని పావు కదపాలి.

2024 ప్లేఆఫ్స్‌లో డాడ్జర్స్‌దీ ఇదే దారి. శాన్ డియేగోతో సిరీస్‌లో 1-2తో వెనకబడి, ఓడితే ఇంటికే అన్న నాలుగో ఆటలో డాడ్జర్స్ ఎనిమిది మంది పిచర్లను వాడింది. ప్రత్యర్థికి ఒక్క పరుగూ రాలేదు, 8-0. తర్వాతి ఆటా గెలిచి సిరీస్ దక్కించుకుంది.

ఇక్కడితో ఆపితే కథ అందంగా ఉంటుంది. కానీ ఆ ప్లేఆఫ్స్‌లో డాడ్జర్స్ ఇలా ఆడిన ఆటలు నాలుగు, గెలిచినవి రెండే. నా దృష్టిలో అసలు పనితనం ఓడిన ఆటలోనే ఉంది. వరల్డ్ సిరీస్‌లో యాంకీస్‌పై 3-0 ఆధిక్యంలో ఉండగా నాలుగో ఆటలో, మూడో ఇన్నింగ్స్‌లోనే యాంకీస్ బ్యాటర్ వోల్పీ గ్రాండ్ స్లామ్ (ఒకే దెబ్బకు నాలుగు పరుగులు) కొట్టాడు. తేడా తర్వాత ఒక్క పరుగుకు తగ్గినా మేనేజర్ డేవ్ రాబర్ట్స్ తన మేటి రిలీవర్లను కదపలేదు. 4-11తో ఓడిపోయాడు. టీవీ ముందున్నవాళ్లకు అది చేతులెత్తేయడంలాగే కనబడుతుంది.

మర్నాడు ఫ్లాహర్టీ రెండో ఇన్నింగ్స్‌లోనే వెళ్లిపోయాడు. స్కోరు 0-4. అప్పుడు ముందురోజు విశ్రాంతి దక్కిన చేతులన్నీ వరసగా వచ్చాయి. యాంకీస్ ఫీల్డింగ్ తప్పులు ఐదో ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులిచ్చాయనుకోండి, అది వేరే సంగతి. చివర్లో రిలీవర్ ట్రైనెన్ 42 బంతులు వేశాడు. రెండు రోజుల కిందటే స్టార్టర్‌గా ఆడిన బ్యూలర్ తొమ్మిదో ఇన్నింగ్స్ ముగించాడు. 7-6, ట్రోఫీ డాడ్జర్స్‌దే.

ఈ పద్ధతి చవకైనదని మాత్రం అనుకోవద్దు. ఆ బుల్‌పెన్‌లోని గ్రాటెరోల్‌కు నవంబరులోనే భుజం శస్త్రచికిత్స జరిగింది. ఎవాన్ ఫిలిప్స్ మరుసటి ఏడాది మోచేతికి టామీ జాన్ సర్జరీ చేయించుకున్నాడు. ఆ సర్జరీని 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసిందీ ఒక డాడ్జర్స్ పిచర్‌కే. అతని పేరే సర్జరీకి స్థిరపడింది; ఆ టామీ జాన్ 1989 దాకా ఆడాడు.