మాటకు మాట

శాసనసభ అనగానే మనకు గుర్తొచ్చేది గొడవ. పోడియం చుట్టూ గుంపు, ప్లకార్డులు, మార్షల్స్, సస్పెన్షన్లు. టీవీలు చూపించేదీ అదే, మర్నాడు పేపర్లో మొదటి పేజీకెక్కేదీ అదే. గొడవ లేని రోజున సభ ఏం చేసిందో ఎవరికీ పట్టదు. నాకు మాత్రం అలాంటి చప్పటి రోజులంటేనే ఇష్టం. శాసనసభ చర్చల సంపుటాలు చేతికి దొరికితే వాకౌట్ల పేజీలు దాటేసి, చిన్ననీటి పారుదల పద్దు మీద మధ్యాహ్నం దాకా సాగిన చర్చ ఎక్కడుందా అని వెతుక్కుంటాను. సభ నడక తెలిసేది అక్కడే. ఆ నడకను కాగితం మీద నిలిపిన చేతిపని కనిపించేదీ అక్కడే.

ఈ సంపుటాలను అధికారిక నివేదిక అంటారు. సభలో నోటి నుంచి వెలువడిన ప్రతి మాటా ఇందులో ఉండాలి. సారాంశం కాదు, మినిట్స్ కాదు, మాటకు మాట. తయారుచేసేవాళ్లు శాసనసభ సచివాలయంలోని రిపోర్టర్లు. గ్యాలరీలో కూర్చునే పత్రికా విలేఖరులు వేరు. వీళ్ల చోటు సభలోపలే, స్పీకర్ పీఠానికి దిగువన. కెమెరా స్పీకర్ వైపు తిరిగినప్పుడల్లా వీళ్లూ ఫ్రేములో పడుతుంటారు. అయినా పేరు తెలిసినవాడు ఒక్కడూ ఉండడు. సంపుటం ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరగేసినా, అందులోని ప్రతి అక్షరం ఎవరి చేతి మీదుగా వచ్చిందో వాళ్ల పేరు మాత్రం కనిపించదు.

పని వంతుల మీద నడుస్తుంది. పార్లమెంటులో ఒక్కో వంతు ఐదు నిమిషాలు. ఐదు నిమిషాలేగా అనిపిస్తుంది. నిమిషానికి నూట ఇరవై మాటలు మాట్లాడే సభ్యుడు దొరికితే ఆ కాస్త వేళలో ఆరు వందల మాటలు. రిపోర్టరు వాటిని రాసుకుని, వంతు కాగానే లేచి వెళ్లి, తన రాతను తానే చదువుకుంటూ టైపు చేసి, సరిచూసి, మళ్లీ వంతు వచ్చేలోగా తిరిగి వచ్చి కూర్చోవాలి. పదిమంది ఉన్నారనుకుంటే నడుమ నలభై అయిదు నిమిషాల వ్యవధి. ఇద్దరు సెలవు పెట్టారంటే ముప్పై అయిదు. వంతు మారే చోట వాక్యం సగంలో ఉండొచ్చు. మొదటి సగం ఒకరిది, రెండో సగం ఇంకొకరిది. అచ్చులో ఆ అతుకు ఎక్కడుందో కనిపెట్టాలని చాలాసార్లు చూశాను. దొరకలేదు.

ఇంతకాలం ఈ పనికి ఆధారం షార్ట్‌హ్యాండ్. ఐజాక్ పిట్మన్ 1837లో ఇంగ్లండులో వెలువరించిన పద్ధతి స్పెల్లింగును వదిలేసి ధ్వనిని పట్టుకుంది. ఒకే గీత సన్నగా గీస్తే ప, ఒత్తి గీస్తే బ. అచ్చులకు చుక్కలూ చిన్న గీతలూ ఉన్నాయి కానీ వేగం పెరిగేకొద్దీ వాటిని పెట్టే తీరిక ఉండదు. హల్లుల అస్థిపంజరమే మిగులుతుంది. ఇంగ్లీషులో ఇది కొంతవరకు చెల్లుతుంది. తెలుగులో అచ్చులు తీసేసి చూడండి: పల్లె, పిల్ల, పాలు, పులి, పూలు, అన్నీ ఒకటే! కాబట్టే గీతను కాగితం మీది గీతకు పైన రాశామా, దాని మీదే రాశామా, కోస్తూ రాశామా అన్న స్థానభేదం మీద ప్రాణాలు పెట్టుకోవాలి. చెయ్యి వెంట్రుకవాసి కిందికి జారితే పాడి పశువుల పద్దులోకి పులి వచ్చేస్తుంది. సాంకేతిక విద్యామండలి తెలుగు షార్ట్‌హ్యాండ్‌కు పరీక్షలు పెట్టి పత్రాలు ఇస్తుంది, నిజమే. కానీ పరీక్షలో డిక్టేషన్ చెప్పేవాడు ఒక్కడే. అతనికి ఎవరూ అడ్డు తగలరు.

సభలో అడ్డు తగలని నిమిషం ఉండదు. తెలుగుకు ఇక్కడ తనదైన చిక్కు ఒకటుంది. మన వాక్యంలో క్రియ చివరికి గాని రాదు. ‘మా నియోజకవర్గంలో మూడేళ్ల కిందట శంకుస్థాపన చేసిన వంతెనను ఈ ప్రభుత్వం...’ అని సభ్యుడు అంటుండగానే ఎదుటి బెంచీల నుంచి కేకలు లేస్తాయి. పూర్తి చేసింది అనబోయాడా, అటకెక్కించింది అనబోయాడా? అతను ఏ పార్టీవాడో తెలిసిన ఎవరైనా ఊహించగలరు. రిపోర్టరుకూ తెలుసు. అయినా ఆ క్రియను అతను రాయడు. మూడు చుక్కలు పెట్టి, బ్రాకెట్లో అంతరాయం అని వేసి ఊరుకుంటాడు. సభ్యుడు మళ్లీ అందుకున్నప్పుడు పాత వాక్యం వదిలేసి కొత్తది మొదలుపెడితే, పాతది అలాగే మొండిగా నిలబడిపోతుంది. పాత సంపుటాల్లో ఇలాంటి మొండి వాక్యాలు కొల్లలు. వాటిని ఎవరూ పూరించకపోవడంలోనే ఈ వృత్తి నిజాయితీ కనబడుతుంది నాకు.

దీనికి పూర్తి విరుద్ధమైన పని చేసినవాడు ఇంగ్లీషు రచయిత శామ్యూల్ జాన్సన్. బ్రిటిష్ పార్లమెంటు చర్చలు అచ్చువేయడం ధిక్కారమైన రోజుల్లో, 1740ల మొదట్లో, ఆయన ఒక పత్రికకు ఆ చర్చలు రాసిపెట్టాడు. దాదాపు సభకు వెళ్లకుండానే! ఎవరేం మాట్లాడారో ఇతరులు మోసుకొచ్చిన కబుర్లు విని, గదిలో కూర్చుని, అందరికీ గంభీరమైన ప్రసంగాలు అల్లాడు. జనం నిజమని నమ్మారు. సాహిత్యంగా అది గొప్పదే కావచ్చు. రిపోర్టరు గొప్పతనం మాత్రం తన గొంతు ఎక్కడా వినపడనివ్వకపోవడమే.

సరే, రిపోర్టరుకు తోడొచ్చే మాట కూడా ఒకటుంది: ‘అధ్యక్షా’. సభలో ఎవరు ఎవరిని తిట్టినా, పొగిడినా, నిలదీసినా అది అధ్యక్షుడి ద్వారానే సాగాలన్నది నియమం. మన సభ్యులు దాన్ని ఊపిరి తీసుకునే తావుగా మార్చేసుకున్నారు. వాక్యానికి ముందొక అధ్యక్షా, వెనకొక అధ్యక్షా, అంకె గుర్తురాకపోతే మరో రెండు. వినేవాళ్లకు విసుగే. రాసేవాడికి మాత్రం ఆ అరక్షణం వెనకబడ్డ చేతిని ముందుకు తెచ్చుకునే సమయం. అచ్చులో వాటిని కొంత పలచన చేస్తారు గాని పూర్తిగా తీసేయరు. తీసేస్తే ఆ ప్రసంగం సభలో జరిగినట్టే ఉండదు.

చప్పటి రోజు ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. నక్షత్ర గుర్తున్న ప్రశ్నలకు మంత్రి లేచి నోటితో జవాబివ్వాలి, దానిపై సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం లేనివాటికి రాతపూర్వక జవాబు చాలు. ప్రశ్న కట్టడం ఒక విద్య. అందులో వాదన ఉండకూడదు, అనుమానం అంటగట్టకూడదు, వ్యంగ్యం అసలే కూడదు. రాజకీయ నాయకుడి నోట్లోంచి ఈ మూడూ తీసేస్తే ఏం మిగులుతుందని నవ్వొస్తుంది. మిగులుతుంది. ఫలానా మండలంలో ఫలానా చెరువు తూము శిథిలమైన మాట వాస్తవమేనా, అయితే ఎప్పటిలోగా బాగుచేస్తారు, చేయనిచో కారణమేమిటి అని మూడు మెట్లుగా దిగుతుంది ప్రశ్న. జవాబూ అన్నే మెట్లు దిగుతుంది. మొదటిదానికి ‘కాదండి’ అని మంత్రి అనేశారంటే మిగతా రెంటికీ ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’. ప్రభుత్వ తెలుగులో ఇంతకంటే పదునైన వాక్యం నేను చదవలేదు. తలుపు వేసినట్టుంటుంది. అందుకే అనుభవమున్న సభ్యుడు మొదటి మెట్టును ‘కాదండి’ అనడానికి వీల్లేకుండా కడతాడు. శిథిలమైందా అని అడగడు. గత ఏడాది ఆ తూము కింద ఎన్ని ఎకరాలకు నీరందింది అని అడుగుతాడు.

ఆ తర్వాత జీరో అవర్, సభ ముందుంచే పత్రాలు. కాగ్ నివేదికల వంటి బరువైనవి కూడా ఈ పత్రాల వరసలో ఒక్క లైనుతో బల్ల మీదికి చేరిపోతాయి. వీటి దగ్గర నేనూ ఎక్కువసేపు ఆగను.

ఆగాల్సింది పద్దుల దగ్గర. బడ్జెట్ సమావేశాల్లో శాఖలవారీగా డిమాండ్లు వస్తాయి. వాటి మీద ప్రతిపక్షం కోత తీర్మానాలు ఇస్తుంది. ఒక ఫిర్యాదు చెప్పుకోవడానికైతే వంద రూపాయలు తగ్గించమంటుంది. విధానమే తప్పంటే మొత్తం పద్దును ఒక్క రూపాయికి కుదించమంటుంది. వేల కోట్ల పద్దును రూపాయి చేయమని అడగడంలో ఉన్న ఆ నాటకీయత నాకు ఎప్పటికీ పాతబడదు. చర్చ అయ్యాక స్పీకర్ ఓటుకు పెడతారు. పాత హైదరాబాదు సంపుటాల్లో ఈ ఘట్టం చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటుంది, అందులో బ్రాకెట్లో ఒక చిన్న మాట: ‘పాజ్’. ప్రశ్న సభ ముందు పెట్టారు. పాజ్. తీర్మానం ఆమోదం పొందింది. అంతే. ఆ బ్రాకెట్టులో అవును, కాదు అన్న కేకలన్నీ ఇమిడిపోతాయి. ఎవరికైనా అభ్యంతరముంటే లేచి, ఓట్లు లెక్కించే డివిజన్ అడగాల్సిన గడువూ అదే. ఎవరూ లేవలేదన్న సాక్ష్యమూ అదే. ఏమీ జరగలేదన్న విషయాన్ని కూడా రాసి పెట్టడం ఎంత జాగ్రత్త!

బిల్లు ఆమోదం ఇంకా అందంగా ఉంటుంది. క్లాజులను రెండో నంబరు నుంచి మొదలుపెడతారు. అవన్నీ అయ్యాక ఒకటో క్లాజు, చట్టం చేస్తున్నామని చెప్పే వాక్యం, పూర్తి పేరు వస్తాయి. చట్టం పేరు అన్నిటికన్నా చివర! లోపల సవరణలు జరిగితే పేరూ మారాల్సి రావచ్చు కాబట్టి శరీరం ఖాయమయ్యాకే నామకరణం. ఖాళీ బెంచీల మధ్య స్పీకర్ గొంతు ఎత్తకుండా, దించకుండా దీన్నంతా చదువుకుంటూ పోతారు. కోరం మాత్రం ఉండాలి. సభ్యుల్లో పదోవంతు లేదా పదిమంది, రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఆంధ్రప్రదేశ్‌లో 175కి 18 మంది, తెలంగాణలో 119కి 12 మంది. ఆ సంఖ్య లేదని ఎవరైనా గుర్తుచేస్తే గంట మోగుతుంది, లాబీల్లో ఉన్నవాళ్లు లోపలికి వస్తారు.

భాషల సంగతి వేరే చెప్పాలి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న తెలంగాణ ప్రాంతం కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. అయ్యదేవర కాళేశ్వరరావు స్పీకరుగా ఉన్న ఆ తొలి సభలో కోస్తా తెలుగు, సీమ తెలుగు, తెలంగాణ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే కప్పు కిందికి వచ్చాయి. హైదరాబాదు పౌరుల చందాలతో టౌన్ హాలుగా 1913లో పూర్తయిన ఆ తెల్లటి భవనం అంతకుముందే హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు నెలవు. రాజ్యాంగం 210వ అధికరణం రాష్ట్ర భాషతోపాటు హిందీకి, ఇంగ్లీషుకు చోటిచ్చి, వాటిలో మాట్లాడలేని సభ్యుడిని మాతృభాషలో మాట్లాడనిచ్చే వీలు స్పీకరుకు వదిలింది. నివేదిక ఈ వైవిధ్యాన్ని చదును చేయలేదు. ఎవరు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే ఉంచింది. సభ్యుడు వావిలాల గోపాలకృష్ణయ్య తెలుగు ప్రశ్నకు మంత్రి ఇంగ్లీషులో జవాబిస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి.

అయితే ఒక తగవు ఉంది నాకు. భాషలను చదును చేయని నివేదిక యాసలను మాత్రం చాలాసార్లు ఇస్త్రీ చేసింది. శ్రీకాకుళం సభ్యుడూ అనంతపురం సభ్యుడూ అచ్చులో ఒకే పాఠశాలలో చదువుకున్నట్టు మాట్లాడతారు. తరిమెల నాగిరెడ్డి ప్రసంగాల్లో అనంతపురం గాలి ఎంత తగిలేదో ఆ పేజీల నుంచి పట్టుకోవడం కష్టం. ‘చేస్తాండ్రు’ అన్నది ‘చేస్తున్నారు’ అయిపోతే అర్థం పోదు, మనిషి పోతాడు. వ్యాకరణం తప్పులు, తడబాట్లు సరిచేయడం రిపోర్టరుకు అనుమతించిన పనే. ప్రసంగ ప్రతి సభ్యుడి దగ్గరికీ వెళుతుంది, అతనూ భాష దిద్దుకోవచ్చు, అన్న మాటను అనలేదని మార్చుకోకూడదు. యాస ఈ తప్పుల ఖాతాలో పడిపోవడమే నాకు మింగుడు పడని విషయం. ఇటీవలి తెలంగాణ సభ పేజీల్లో ఆ పట్టు కొంత సడలినట్టనిపిస్తుంది.

తొలగించిన మాటల విషయం చిత్రంగా ఉంటుంది. స్పీకర్ రికార్డుల నుంచి తీసేయమంటే రిపోర్టరు తీసేస్తాడు. కానీ తీసిన గుర్తు ఉంచుతాడు. చుక్కలో, నక్షత్రాలో, అధ్యక్షుల ఆదేశంపై తొలగించడమైనదన్న గమనికో. తిట్టు పోయినా తిట్టిన సంగతి మిగులుతుంది. దానికి బదులుగా ఎదుటివాళ్లు ఎంత మండిపడ్డారో చదివితే ఆ నక్షత్రాల కింద ఏముందో చాలావరకు తెలిసిపోతుంది.

ఇప్పుడు సభలో ప్రతి మైకూ రికార్డవుతుంది. ప్రత్యక్ష ప్రసారం ఉంది. మాటను తనంతట తానే అక్షరాల్లోకి దించే యంత్రాలూ వచ్చాయి. ఇంకా మనిషెందుకు అనేవాళ్లున్నారు. ఆరుగురు ఒకేసారి అరిచినప్పుడు మైకు ఆరుగురినీ కలిపి వింటుంది, లేదా మైకు ఆన్‌లో ఉన్నవాడినే వింటుంది. రిపోర్టరు తల ఎత్తి చూస్తాడు. ఏ బెంచీ నుంచి ఎవరు లేచారో, మంత్రి ఎవరివైపు తిరిగి జవాబిచ్చారో అతనికి కళ్లతో తెలుస్తుంది. కొత్తపల్లి అని వినిపిస్తే అది ఏ మండలపు కొత్తపల్లి అని ఆ సభ్యుణ్నే అడిగి తెలుసుకోవాలన్న సందేహం కూడా మనిషికే వస్తుంది. తెలుగునాట కొత్తపల్లులు ఎన్నున్నాయో మనకు తెలియనిది కాదు.

1956 నుంచి 2014 దాకా ఉన్న సంపుటాలు రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. చదవాలనుకునేవాళ్లు ప్రసిద్ధమైన రోజుల జోలికి ముందే వెళ్లొద్దు. అవిశ్వాస తీర్మానాల చర్చల్లో అందరూ చరిత్ర కోసం మాట్లాడతారు. ఏదైనా మార్చి నెల సంపుటం తీసి, వ్యవసాయం పద్దో పంచాయతీరాజ్ పద్దో వచ్చిన రోజు పట్టుకోండి. మీ ఊరి పక్క ఊరు పేరు ఎక్కడో ఒక అనుబంధ ప్రశ్నలో తగులుతుంది. దాని కింద మంత్రి ఇచ్చిన హామీ ఉంటుంది, తేదీతో సహా.