వరండాలో దొరికే చదువు

అండమాన్ దీవుల్లోని మిన్నీ బేలో ఉండేవాళ్లు ఏ పెద్ద సదస్సుకు వెళ్లాలన్నా సముద్రం దాటాల్సిందే. చెన్నై అయినా విశాఖ అయినా దాదాపు 1,200 కిలోమీటర్లు. అంత ఖర్చు పెట్టి వెళ్లేది ఇరవై నిమిషాలు పేపరు చదివి రావడానికా అని బంధువులు అడుగుతారు. పేపరు చదవడం అందులో చిన్న పని. దాని మీద ఇంకొకరు ఆలోచించి అడిగే ప్రశ్న కోసం వెళ్తాను.

వ్యాపార వ్యూహం అనే మా శాస్త్రం నిలదొక్కుకున్నదే ఒక సమావేశంలో. అంతకుముందు అది బిజినెస్ పాలసీ పేరుతో ఎంబీఏ చివర్లో చెప్పే ఒక పాఠం. 1977లో డాన్ షెండెల్, చార్లెస్ హోఫర్ పిట్స్‌బర్గ్‌లో కొంతమందిని కూర్చోబెట్టి, దీన్ని పరిశోధనగా ఎలా చెయ్యాలో చర్చించారు. 1980లో ఈ శాస్త్రానికంటూ ఒక జర్నల్ వచ్చింది, మరుసటి ఏడు లండన్‌లో సదస్సు జరిగింది. సంస్థ బలం దాని చేతిలో ఉన్న వనరుల్లో ఉంటుందని బిర్గర్ వెర్నర్‌ఫెల్ట్ 1984లో ఆ జర్నల్‌లోనే రాస్తే చాలాకాలం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1990లో సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్ దాదాపు అదే దారిలో రాశాకే అది అందరి నోళ్లలో నానింది. మంచి ఆలోచన అచ్చయినంత మాత్రాన సరిపోదు, దాన్ని పట్టుకుని మాట్లాడేవాళ్లు కావాలి.

పెద్ద ఊళ్లలోని విద్యాసంస్థల్లో అలాంటివాళ్లు పక్క గదిలోనే ఉంటారు. టీ తాగుతూ సగం ఆలోచన చెబితే మిగతా సగం వాళ్లు అడుగుతారు. ఇక్కడ నా చుట్టూ సముద్ర జీవశాస్త్రం, విపత్తు నిర్వహణ చదివినవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గరా నేర్చుకుంటాను. కానీ నా పేపరులో రెండో పేజీ దగ్గర ఆపి ‘ఇది ఎందుకు?’ అనే మనిషి దొరకాలంటే విమానం ఎక్కాలి.

2020 ఆగస్టులో కొవిడ్ వల్ల అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ వార్షిక సమావేశం ఆన్‌లైన్‌లో జరిగింది. ఆ వారంలోనే, ఆగస్టు 10న, చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సముద్రం అడుగున వేసిన కేబుల్ ప్రారంభమైంది. మా దీవులకు అది నిజంగా పెద్ద మేలు. పేపర్లు ఇంటికి వచ్చాయి. సెషన్ల మధ్య నిలబడి మాట్లాడుకునే వరండా మాత్రం రాలేదు.

ఇక్కడి జంగ్లీఘాట్‌లో స్థిరపడిన ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాల వ్యాపారం మీద నా పని. వలకు, ఐసుకు షావుకారు ముందే డబ్బిస్తాడు, పడ్డ చేప అతనికే చేరుతుంది. వాళ్ల మధ్య ఉండే ఈ నమ్మకం కొత్తగా వచ్చినవాళ్లు కొనుక్కోలేని వనరు అని రాశాను. ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక సదస్సుకు వెళ్తే, సెషన్ అయిపోయాక ఒక పెద్దావిడ కాఫీ కప్పుతో నా దగ్గరకొచ్చింది. “అమ్మా, రోజూ కావలసినంత ఐసు, సరుకు విమానం దొరికితే ఆ నమ్మకానికి ఇంతే విలువ ఉంటుందా? ఉండకపోతే అది వాళ్ల బలం కాదు, దూరం ఇచ్చిన రక్షణ” అంది.

అందరి ముందు అడిగే ప్రశ్నల్లో కొంత మర్యాద, కొంత ప్రదర్శన ఉంటాయి. తీరిగ్గా పక్కకు వచ్చి అడిగింది ఇది. తిరిగొచ్చాక జంగ్లీఘాట్‌లో ఒక ముసలాయనతో ఇదే మాట అన్నాను. “ఇమానం రోజూ వచ్చినా, చేప పడని నెల్లో మా ఇల్లు గడిపేదెవరమ్మా?” అన్నాడు. నేను రవాణా వైపు నుంచి చూస్తున్న బంధం ఆయనకు గడ్డురోజుల భరోసా. ఐసు చవకైనా ఆ అవసరం తీరదు. పేపరు ఇప్పుడు ఆ వైపు నడుస్తోంది. ఏ నెలలో అప్పు తీసుకున్నారు, ఏ నెలలో తీర్చారు అని ఖాతా పుస్తకాలు చూస్తున్నాను.

అందుకే సదస్సుకు వెళ్లే కుర్రవాళ్లకు చెప్తుంటాను: అన్ని సెషన్లూ చూడాలనుకోవద్దు. నాలుగు పేపర్లు ముందే చదువుకుని వెళ్లండి. అచ్చులో వాటిని చూడటానికి ఏళ్లు పట్టవచ్చు, రాసినవాళ్లు అక్కడే ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న సిద్ధం చేసుకోండి. ఇంటికొచ్చిన వారంలోపు వాళ్లకు ఉత్తరం రాయండి.

కళాశాలలకు నాదొక విన్నపం. ప్రయాణ ఖర్చు మంజూరు చేసేటప్పుడు పేపరు చదివినట్టు సర్టిఫికెట్ ఒక్కటే అడగకండి. పేపరు లేకపోయినా, వినడానికి వెళ్తానన్న లెక్చరర్‌ను కూడా పంపండి. దీవుల్లో పనిచేసేవాళ్లను ముందు పంపండి.