ఖాళీ ఇంట్లో ఓ గంట

మా పైపోర్షన్ ఖాళీ అయితే వెంటనే గేటుకు టూలెట్ బోర్డు కట్టను. ముందు కిటికీలన్నీ తెరిచి, కొళాయిలన్నీ తిప్పి, వానకు చెమ్మపట్టిన గోడ ఎంతవరకు ఆరిందో చూస్తాను. రాబోయేది ఎవరో ఇంకా తెలియదు. ఎవరైనా వాళ్లు వండుకు తినాల్సిన ఇల్లు, పిల్లలు చదువుకోవాల్సిన ఇల్లు.

అగ్రిమెంటు 11 నెలలకే రాసుకోవడం మనకు అలవాటు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి కనుక ఈ లెక్క. జిరాక్స్ షాపులో దొరికే ఆ కాగితంలో అద్దె, అడ్వాన్సు, నోటీసు గడువు ఉంటాయి. హాల్లో ఫ్యాను చప్పుడు చేస్తుందనీ, వంటగట్టు మూల ముందే పగిలి ఉందనీ ఉండదు. ఖాళీ చేసే రోజున మాటామాటా పెరిగేది వీటి దగ్గరే.

అందుకే తాళాలు ఇచ్చేముందు వచ్చినవాళ్లతో కలిసి గదిగదీ తిరుగుతాను. కరెంటు మీటరు రీడింగు, గీజరు, గోడకున్న మేకులు, అన్నీ ఓ తెల్లకాగితం మీద ఎక్కుతాయి. ఇద్దరం సంతకాలు పెట్టి, ఇద్దరి ఫోన్లలోనూ ఫొటోలు ఉంచుకుంటాం. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు మొహమాటపడతారు. "అన్నీ బాగానే ఉన్నాయి అంకుల్" అంటారు. "కాదు బాబూ, నిదానంగా చూడు, ఫ్లష్ కూడా నొక్కి చూడు" అంటాను. ఆడవాళ్లు అడిగేవి అసలైన ప్రశ్నలు: మంచినీళ్లు ఏ వేళకు వస్తాయి, సంపు ఎప్పుడు కడిగించారు, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి?

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో మామూలైపోయింది. నాకది సమ్మతం కాదు. వేరే ఒప్పందం లేకపోతే, వాడకంలో వచ్చే సహజమైన అరుగుదల అద్దెదారు మీద పడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. గోడరంగు వెలవడం కాపురం ఉంటే జరిగేదే. సింకు పగలగొడితే ఆ ఖర్చు వేరు. ఆ తేడా తేల్చేది మొదటిరోజు రాసుకున్న కాగితమే. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా చట్టం అంటోంది. కానీ చిన్న జీతగాడికి ఆ రెండు నెలల డబ్బూ పెద్దదే.

ఈ నెలలో ఇల్లు మారుతున్నవారు సామాన్ల బండి మాట్లాడుకునేముందే ఇంటివారిని ఓ గంట అడగండి. ఇంటివారూ, దయచేసి ఆ గంట ఇవ్వండి.