కన్యాశుల్కం: రెండోసారి చదివితే

‘గిరీశం పాత్రను వివరించండి’ అన్న ప్రశ్న మీకు కొత్తది కాదు. 30 ఏళ్లు జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి. ‘గిరీశం మాటకారి, మోసగాడు, హాస్యానికి ఆలవాలం’ అన్న వాక్యాన్ని ఎన్ని చేతిరాతల్లో చదివానో లెక్కలేదు. వాక్యం తప్పు కాదు. నాటకం తెరవకుండానే రాసేయవచ్చు, అదే చిక్కు.

గురజాడ 1897లో అచ్చువేసి, 1909లో ఎంతో మార్చి రాసిన ఈ నాటకం విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది. సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర పట్టుకెళ్లిన 20 రూపాయలు ఏం చేశాడో గిరీశమే తన నోటితో చెప్పుకుంటాడు. నాటకకర్త మన దగ్గర ఏమీ దాచలేదన్నమాట. అయినా నాలుగు పేజీలు తిప్పేసరికి మనం నవ్వుతూ గిరీశం పక్షాన చేరిపోతాం. విద్యార్థిగా నేనూ చేరాను. బుచ్చమ్మ వినేటట్టు అతడు వితంతు వివాహం గురించి మాట్లాడే ఘట్టం మిత్రులతో కలిసి చదివి పగలబడి నవ్వాను.

చాలా ఏళ్లకు, పాఠం చెప్పడానికి అదే పుస్తకం మళ్లీ తీశాను. ఈసారి గిరీశం కన్నా, అతడి మాటలు వింటున్న బుచ్చమ్మ ముందుగా కనిపించింది. ఆమె బాలవితంతువు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం చేయించిన వితంతు వివాహం వెనక ఉన్న వాదమే గిరీశం నోట వినిపిస్తుంది. వాదంలో దోషం లేదు. దాన్ని వాడుకుంటున్న మనిషి ఎవరో మనకు మొదటి రంగంలోనే తెలుసు, ఆ పిల్లకు తెలియదు. తెలిసి కూడా నేను ఎవరి వైపు నిలబడి నవ్వాను? గైడు పుస్తకం ఈ ప్రశ్న వేయదు. నా మటుకు లోతుగా చదవడం అక్కడే మొదలైంది.

వెంకటేశం సంగతీ చూడండి. తల్లి ముచ్చటపడి ఇంగ్లీషు మాట్లాడమంటే గిరీశం పిల్లల గేయం అప్పజెబుతాడు. వెంకటేశం అంతకన్నా పొంతనలేని వాక్యాలతో బదులిస్తాడు. ఆ తల్లికి ఇంగ్లీషు రాదు, నమ్మింది. నాకు తెలుగు వచ్చు; అయినా మీలాంటి విద్యార్థులు కంఠస్థం చేసి రాసిన ఆ ఒక్క వాక్యానికి ఏటా మార్కులు వేస్తూనే వచ్చాను. కనుక తప్పంతా విద్యార్థులదే అనలేను.

వచ్చే కాంటాక్ట్ క్లాసుకు ముందు గిరీశం, బుచ్చమ్మ ఉన్న రంగం ఒకటి చదవండి. నవ్వొచ్చిన ప్రతిచోటా అంచున పెన్సిలుతో గీత పెట్టండి. వారం ఆగి మళ్లీ చదువుతూ, ఆ గీతల దగ్గర బుచ్చమ్మ ఏం మాట్లాడిందో, ఎక్కడ మౌనంగా ఉందో రాసుకుని రండి.