కరువు కావ్యపఠనం – విద్యార్థి సహానుభూతి: 'పెన్నేటి పాట' ఆధారంగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కష్టజీవుల కథలు చదివితే విద్యార్థిలో సహానుభూతి పెరుగుతుందన్నది సాహిత్యబోధనలో స్థిరపడిన అభిప్రాయం. ఆ కష్టం చదివేవారికి పరాయిదన్న భావన ఇందులో అంతర్లీనంగా ఉంది. అనంతపురం జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న గుమ్మఘట్ట మండలంలో ఈ భావన నిలవదు. వేదవతి నదిపై భైరవానితిప్ప జలాశయం ఈ మండలంలోనే ఉన్నా కరువు తప్పలేదు. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడి రైతుకూలీల బిడ్డలకు కరువు పాఠం కాకముందే ఇంటి అనుభవం. వారికి కరువు కావ్యం కొత్తగా ఏమివ్వగలదన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

2. రసవిఘ్నమా, రససాధనమా?

భట్టనాయకుని సాధారణీకరణ సిద్ధాంతం ప్రకారం విభావాదులు స్వపర సంబంధాల నుండి విడివడినప్పుడే రసాస్వాదం సాధ్యం. అభినవగుప్తుడు చెప్పిన ఏడు రసవిఘ్నాలలో స్వపరభేదంతో కూడిన దేశకాలావేశం, సొంత సుఖదుఃఖాలకు వశం కావడం ఉన్నాయి. ఈ లెక్కన తన ఇంటి అప్పును కావ్యంలో చూసుకొనే విద్యార్థి కరుణరసానికి అనర్హుడు కావాలి. నగర విద్యార్థికి ఆ అడ్డంకి లేదు. కాని అతని కరుణ జాలి దగ్గరే ఆగిపోయే ప్రమాదముంది.

3. 'పెన్నేటి పాట'లో రెండు దారులు

అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం కావ్యం 'పెన్నేటి పాట' 1956లో వెలువడింది. ఒకనాటి కలిగిన కుటుంబపు బిడ్డ రంగన్న కూలిగా మారిన బతుకు, అతని భార్య గంగమ్మ వెతలు ఇందులోని కథ. రంగన్న పుట్టుపేద కాకపోవడం గమనార్హం. పేదరికం నుదుటిరాత కాదని, కాలక్రమంలో ఏర్పడిన స్థితి అని కథాగమనమే సూచిస్తుంది.

ఈ సూచన ఇద్దరు పాఠకులను రెండు దిశలలో నడిపిస్తుంది. కరువు సీమ విద్యార్థి తన ఇంటి లేమిని తండ్రి చేతకానితనంగానో, సొంత అవమానంగానో భావిస్తూ ఉండవచ్చు. ఆ లేమి ఒక ప్రాంతపు చరిత్రలో భాగమని తెలిసినప్పుడు అతనికి కావలసిన దూరం లభిస్తుంది. ఇక్కడ సాధారణీకరణం పఠనానికి ముందుండే అర్హత కాదు, పఠనం వల్ల కలిగే ఫలం. నగర విద్యార్థికి కావలసినది దీనికి విలోమం. పెన్న ఎండిన నేల, ఆ నేల మనుషుల పలుకుబడి తెలిస్తే తప్ప అతని జాలి అవగాహనగా మారదు. శాస్త్రం విఘ్నమన్న దేశకాల విశేషమే అతనికి సాధనం.

4. బోధనకు సంబంధించిన హెచ్చరిక

పఠనం దానంతటదే ఈ ఫలాన్నిస్తుందని చెప్పలేం. సాహిత్య కథలు ఎదుటివారి మనఃస్థితిని గ్రహించే శక్తిని పెంచుతాయని కిడ్, కస్టానో 2013లో ప్రకటించిన ఫలితాలు, 2016లో ప్రచురితమైన పునఃపరీక్షలలో నిలబడలేదు. నవలాపఠనం వల్ల కలిగే సహానుభూతి పరోపకారానికి దారితీస్తుందనడానికి తగిన ఆధారాలు లేవని సుజాన్ కీన్ 2007లోనే వాదించారు. కనుక భారం పాఠం చెప్పే తీరుపై పడుతుంది. 'కరుణరసాన్ని వివరించండి' అన్న ప్రశ్నతో ఆగక, రంగన్న స్థితికి కారణాలేమిటని అడగాలి. సింగమనేని నారాయణ 'జూదం' కథలను జతచేసి చదివిస్తే ఆ ప్రశ్న నేటి సేద్యం దాకా వస్తుంది.

5. ముగింపు

'అయ్యో' అనిపించడం కావ్యం చేసే మొదటి పని. 'ఎందుకు' అని అడిగించడం తరువాతి పని. రెండవది జరిగిన తరగతిలో గుమ్మఘట్ట విద్యార్థి జాలికి పాత్రుడు కాడు. కరువును గురించి అందరికన్న ఎక్కువ చెప్పగల వ్యాఖ్యాత అవుతాడు.