ద్వీపమున వెలసిన న్యాయస్థానము

అపరాధపరిశోధక నవలలన్న మన పండితులకు చులకన. రైలుబండిలో చదివి, దిగునప్పుడు బల్లమీద విడిచిపోదగినవని వారి యభిప్రాయము. పెక్కు పుస్తకముల విషయమున నిది నిజమే. కాని అగాథా క్రిస్టీ 1939లో ప్రకటించిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్' అను నవలను ఆ రాశిలో చేర్చుట తగదు. రహస్యము తెలిసిన పిమ్మట గూడ మరల చదువదగిన గ్రంథమిది. కావున ముగింపును దాచక విమర్శించుచున్నాను.

ఇంగ్లండులోని డెవన్ తీరమునకు చేరువ నొక చిన్న ద్వీపము. ఆగస్టు మాసము. అందలి క్రొత్త భవనమునకు ఎనమండుగురు వచ్చుదురు. ఒకరిని సెలవులు గడపుటకని, ఒకరిని పాతమిత్రులతో ముచ్చటించుటకని, వేరొకరిని ఉద్యోగమునకని, ఎవరి యాశకు తగినట్లు వారిని పిలిచిన యుత్తరములవి. భృత్యులైన దంపతులతో కలిసి పదుగురు. ఆతిథేయుని జాడ లేదు. మొదటినాటి రాత్రి భోజనానంతరము గ్రామఫోను రికార్డు ఒకటి పదుగురి పేర్లును చదివి, ఎవరి చావునకు ఎవరు కారకులో చాటును. పడవ రాదు, తుపాను పట్టుకొనును. ఒక బాలగేయములోని క్రమము ననుసరించి ఒక్కొక్కరే మడియుదురు. బల్లమీది పది బొమ్మలును ఒక్కొక్కటిగా తరిగిపోవును.

భరతుడు భయానకరసమునకు కారణములు చెప్పుచు, శూన్యగృహము, అరణ్యము, యుద్ధము మొదలగువానితోపాటు గురువులయెడను రాజుయెడను చేసిన యపరాధమును గూడ చేర్చెను. కథకులలో పెక్కుమంది మొదటివానితోనే తృప్తిపడుదురు: పాడుబడిన మేడ, గుడ్లగూబ కూత, ఆరిపోవు దీపము. క్రిస్టీ వానిని బుద్ధిపూర్వకముగా త్రోసివేసెను. ఆమె కల్పించిన భవనము సరిక్రొత్తది, అంతటను విద్యుద్దీపములు, దాగుటకు చీకటిమూల యైనను లేదు. భయమంతయు అపరాధము నుండియే పుట్టును. తన సంరక్షణలోని బాలుని సముద్రములో దూరముగా ఈదనిచ్చి, చావనిచ్చిన వీరా క్లేథార్న్‌కు సముద్రపు వాసనయే చాలును. త్రాగి శస్త్రచికిత్స చేసిన వైద్యునకు కలలో కనబడు కత్తియే చాలును.

ఈ పదుగురిలో మన సంఘమునకు ముఖ్యముగా పాఠము చెప్పదగినది ఎమిలీ బ్రెంట్ అను వృద్ధకన్య. తన యింట పనిచేయు బియాట్రిస్ టేలర్ అను పిల్ల గర్భవతి యని తెలియగానే ఆమెను వెడలగొట్టెను. తల్లిదండ్రులును ఆదరింపలేదు. ఆ పిల్ల నదిలో పడి చచ్చెను. ఏ శిక్షాస్మృతియు ఎమిలీని తాకజాలదు. ఆమె నిత్యము బైబిలు చదువును. తన్ను నిందింపదగినదేమియు లేదని నిశ్చయముగా చెప్పును. తూర్పు ఆఫ్రికాలో ఇరువదియొక్కమంది దేశీయులను చావునకు వదలి పారిపోయిన లంబార్డును గూర్చి మాట వచ్చినప్పుడు, నల్లవారును మన సోదరులేయని మందలించునది గూడ ఆమెయే. దూరముననున్నవారిపై దయ, ఇంటిలోని పిల్లపై కాఠిన్యము! ఒకప్పుడు దినచర్య వ్రాయుచు కునికిపాటు పడి, హంతకి పేరు బియాట్రిస్ టేలర్ అని తన చేయియే వ్రాసియుండుట చూచి ఆమె త్రుళ్లిపడును. ఈ చిన్న ఘట్టమొక్కటియే రచయిత్రి శక్తికి చాలిన నిదర్శనము. శీలము పేరిట దిక్కులేని ఆడుపిల్లలను వీధిలోనికి త్రోసి, నిశ్చింతగా పూజకు కూర్చుండు పెద్దలను మనమును చూచుచున్నాము. వారు చదువవలసిన పుట యిది.

గ్రంథమునకును ఇట్టి దోషమే యొకటి సోకినది. దీని మొదటి బ్రిటిష్ పేరులోనే నల్లవారిని అవమానించు మాట యుండెను. 1940నాటి అమెరికా ముద్రణలో దానిని తొలగించిరి. ఇంగ్లండులో మాత్రము 1980 దశకము వరకును నిలిచెను.

ఇక నా ముఖ్యమైన యాక్షేపము ముగింపును గూర్చి. ఈ చావులన్నిటిని పన్నినది పదుగురిలో నొకడైన విశ్రాంత న్యాయాధిపతి వార్‌గ్రేవ్. సీసాలో పెట్టి సముద్రమున విడిచిన వాఙ్మూలములో, తనకు చిన్ననాటి నుండియు చంపుటయందు వేడుకయు, న్యాయమునందు అభిమానమును కలవని చెప్పుకొనును. దోషము తక్కువవారిని ముందుగా చంపి, ఎక్కువవారిని భయముతో వేచియుండునట్లు చేసితినని గర్వించును. ఫిర్యాదియు, సాక్షియు, తీర్పరియు, తలారియు నొక్కడే. ముద్దాయి మాట వినువాడు లేడు. సేనాని మకార్థర్ తన పాపమును తలచుకొని, సముద్రతీరమున చావునకై శాంతముగా ఎదురుచూచును. ఆ పశ్చాత్తాపమునకు గూడ వెనుకనుండి తలపై దెబ్బయే ప్రతిఫలము. మన ధర్మశాస్త్రములు దండమునకు ప్రక్కనే ప్రాయశ్చిత్తమును నిలిపినవి. ఈ ద్వీపమున దండమొక్కటియే కలదు. కడపటి మాట హంతకునిదే. బదులు చెప్పువారెవరును లేరు. పాఠకుడు వాని నేర్పునకు ఆశ్చర్యపడి, వాని క్రౌర్యమును మరచును.

1943లో దీనిని నాటకముగా మార్చినప్పుడు క్రిస్టీ, వీరాను లంబార్డును నిర్దోషులుగా చేసి బ్రతికించెను. దానితో కథకు బలము పోయినది. దోషి పశ్చాత్తాపముతో బ్రతుకుట వేరు. అసలు దోషమే లేదనుట వేరు. నవలలో మొదటిదానికి చోటు లేకపోయెను. నాటకము రెండవదానితో తృప్తిపడెను.

మన యువకులు ఈ నవలను తప్పక చదువవలెను. హంతకుడెవడని మాత్రమే గాక, చట్టమునకు చిక్కని హింస మన యిండ్లలో ఎంత కలదని గూడ ప్రశ్నించుకొనవలెను. ఇట్టి కథను తెలుగున వ్రాయబూనువారు ఆ ద్వీపమునకు ఒక్క పడవనైనను రానిచ్చి, ఒక్క దోషినైనను ఇంటికి మరలింపుదురుగాక. వాడు చచ్చినవారిని బ్రతికింపలేడు. కాని మరియొక బియాట్రిసుకు తలుపు తీయగలడు.